పాడుపడిన బంగళాలోని పటములు



గోదావరి డెల్టాలో కాలువగట్టు వెంబడి పోవునప్పుడు, పైకప్పు కూలి తలుపులూడిన పాత బంగళాలను మీరు చూచియే యుందురు. పూర్వము కాలువల తనిఖీకి వచ్చిన ఉద్యోగులు అందు బస చేసెడివారు. అట్టి బంగళా నొకదానిని పడగొట్టుటకు ముందు, అధికారుల అనుమతితో నేను లోనికి పోయితిని. ఒక మూల చెక్కపెట్టెలో చేతికఱ్ఱంత పొడవుగల చుట్టలు కనబడినవి. అవి తూములకును, లాకులకును, కాలువ క్రిందుగా మురుగునీరు పోవు సొరంగములకును గీచిన పటములు.

ఆతురతచే నేనొక తప్పు చేసితిని. మొదటి చుట్టను అక్కడనే బలవంతముగా విప్పితిని. అది ఎండుటాకువలె పెళపెళ విఱిగినది. ఒక తూము అడుగుమట్టమును తెలుపు అంకెలు నా చేతిలోనే పొడియైపోయినవి. ఇన్నేండ్లు చెదపురుగులు విడిచిన దానిని నేను ఒక్క నిమిషములో చెఱచితిని. ఆ దినమున నేర్చిన పాఠమునే మీకు నివేదించుచున్నాను.

ఈ పటములతో నేడు పని యేమని మీరడుగవచ్చును. కాటన్ దొరగారి ధవళేశ్వరము ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో పూర్తియైనది. దాని స్థానమున నేటి బ్యారేజి 1982లో వచ్చినది. ఆనకట్ట మాఱినను, పాత కాలువలు నేటికిని మన పొలములకు నీరు తెచ్చుచున్నవి. నేలపైనున్న కట్టడమును ఎవరైనను కొలువవచ్చును. నేలలోనున్న పునాదిని, పూడిపోయిన సొరంగమును త్రవ్వక కొలువలేము. చేలు ముంపుపాలైనప్పుడు, నీరు పూర్వమెటు పోయెడిదో చెప్పునది ఆ పటమే.

ఇట్టివి ముఖ్యముగా రెండు విధములు. గంజి పట్టించిన పలుచని గుడ్డపై సిరాతో గీచినవి మొదటివి. వీనికి తడి శత్రువు. నీటిబొట్టు పడినచో గంజి కరగి గుడ్డ ముడుచుకొనును. నీలిరంగుపై తెల్లగీతలు గలవి రెండవవి. ఇనుప లవణములు పూసిన కాగితముపై వెలుతురుచే అచ్చు పడు ఈ పద్ధతిని హెర్షెల్ అను శాస్త్రజ్ఞుడు 1842లో కనిపెట్టెను. ఎండలో పుట్టిన ఈ పటములు ఎండకే వెలసిపోవును. సున్నపు తగులు సైతము వీనికి పడదు.

కావున చుట్ట దొరకినచో విప్పవలదు. పైదుమ్మును మెత్తని కుంచెతో దులిపి, పొడి గుడ్డలో చుట్టి, శాఖవారికి తెలుపవలెను. బిగిసిన కాగితమును పనితెలిసినవారు, నీరు తగులనీయక, తేమగల మూసిన పెట్టెలో నుంచి మెల్లగా మెత్తపఱతురు. చిరుగులకు జిగురు టేపు అంటింపరాదు. అది కాలక్రమమున పసుపు మచ్చయై మిగులును.

పిమ్మట కంప్యూటరులో నకలు తీయవలెను. రోలరులతో లాగుకొను స్కానరులో పెళుసుపటమును పెట్టరాదు. బల్లపై పఱచి, పైనుండి కెమెరాతో భాగములుగా ఫోటోలు తీసి కలుపవలెను. ప్రక్కన కొలబద్ద నుంచవలెను. లేకున్న పటము పరిమాణము తెలియదు. కాగితము సాగుచు ముడుచుకొనుచు నుండును గనుక, గీతను కొలుచుటకంటె దానిపై వ్రాసిన అంకెను నమ్ముట మేలు. నకళ్లు మూడు తీసి వేర్వేఱు చోటుల దాచవలెను. నకలున్నదని అసలును పాఱవేయరాదు.

ఇక మీవంటి పెద్దలు చేయవలసిన పని యొకటి కలదు. పటములో తూమునకు సంఖ్యయే యుండును. ఊరివారు పిలుచు పేరుండదు. నేను విఱుగగొట్టిన పటము నకలును ఒక వృద్ధరైతునకు చూపితిని. ఆయన దానిపై వ్రేలు పెట్టి, "ఇది మా రావిచెట్టు తూము బాబూ. పూడిపోయి చాలాకాలమైంది. రండి, చోటు చూపిస్తాను" అనెను. పోయిన అంకె తిరిగి రాలేదు గాని, త్రవ్వి కొలువవలసిన చోటు తెలిసినది.

మీ ఊరి తూముల పేర్లను, వాని చోటులను పిల్లలచేత వ్రాయించియుంచుడు. పటము చెప్పలేనిది మీరు చెప్పగలరు. ఆ రెండును ఒకచోట చేరినప్పుడే నేలలోని త్రోవ మనకు దొరకును.