‘క్యాస్కెట్’: ఒక మాట, రెండు పెట్టెలు
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

డెబ్బది అయిదేండ్ల మన పాఠశాల చరిత్రను పెద్దలు వివరించియున్నారు. నేను ఒక్క ఆంగ్ల పదమును గూర్చి మాత్రమే మనవి చేయదలచుకొన్నాను. ఆ పదం ‘క్యాస్కెట్’.

షేక్స్పియర్ రచించిన ‘వెనిస్ వర్తకుడు’ నాటకంలో పోర్షియాను వరింపవచ్చినవారి యెదుట బంగారు, వెండి, సీసపు పేటికలు మూడు ఉంటాయి. అవి క్యాస్కెట్లు. నగలు దాచుకొనే చిన్న పెట్టె అని ఏటేటా నేను పాఠం చెప్పేదానను.

చాలా ఏండ్ల క్రిందట తొమ్మిదవ తరగతి బాలిక ఒకతె తల్లితో కలిసి ఒక ఉత్తరం తెచ్చింది. ఓడలో ఉద్యోగం చేస్తున్న తండ్రి అమెరికాలోని ఒక రేవులో మరణించాడు. ఫలానా రోజున విమానంలో ‘క్యాస్కెట్’ వస్తుందని ఆ ఉత్తరంలో ఉంది.

“ఏమి వస్తుంది టీచరమ్మా?” అని తల్లి అడిగింది.

“చిన్న పెట్టె అమ్మా. ఆయన వస్తువులు కాబోలు” అన్నాను.

ఆమె బంధువులకు కబురైనా చేయక, కూతురిని వెంటబెట్టుకొని మీనంబాకం వెళ్లింది. వచ్చినది భర్త దేహమున్న శవపేటిక. మోయుటకు నలుగురు మనుషులు లేరు.

కర్మలు ముగిసిన పిమ్మట ఆ బాలిక బడికి వచ్చి, “టీచర్, ఆ మాటకు ఇంకొక అర్థం ఉందా?” అని మాత్రమే అడిగింది. “ఉందమ్మా. నాకు తెలియలేదు” అన్నాను. నాటినుండి ఆ మాటను వెదకుతూ వచ్చాను.

‘కాఫిన్’ అనేది భుజాల వద్ద వెడల్పై, పాదాలవైపు సన్నగిల్లే ఆరు పలకల పెట్టె. చూడగానే మనిషి ఆకారం స్ఫురిస్తుంది. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలంలో అమెరికాలో శవపేటికకు నగలపెట్టె పేరు పెట్టసాగారు. క్రమంగా అది దీర్ఘచతురస్రపు పెట్టెకు పేరైంది. పోయినవారిని అమూల్య వస్తువువలె భద్రపరచుచున్నామన్న ఓదార్పు ఆ పేరులో ఉంది. హాథార్న్ అనే అమెరికన్ రచయిత 1863లో ఆ వాడుకను ఈసడించాడు. అయినను అది నిలిచింది.

మనమును దీపం ఆరిందనము, కొండెక్కిందంటాము. బియ్యం అయిపోయాయనము, నిండుకొన్నాయంటాము. మన ‘పేటిక’ సైతం రత్నపేటికలోనూ ఉంది, శవపేటికలోనూ ఉంది.

భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే రాతి పేటికలను వెలికితీశాడు. ధాతువులతోపాటు స్ఫటికపు భరిణ, బంగారు పూలు, ముత్యాలు దొరికాయి. ఆంగ్ల పండితులు ఆ పేటికలనూ క్యాస్కెట్లనే అన్నారు. వాటిపైని ప్రాకృత శాసనాలలో ఉన్న మాట ‘మజుస’. అదే మన మంజూష. అక్కడ అస్థికీ ఆభరణానికీ ఒకే చోటు దొరికింది.

చిరంజీవులారా, నిఘంటువులో మొదటి అర్థం దగ్గర ఆగిపోకండి. ఆ మాట ఏ దేశంలో, ఏ సందర్భంలో, ఎవరికి వ్రాసినదో విచారించండి. పూర్వ విద్యార్థులకు నా విన్నపం: ఈ జూబిలీ గుర్తుగా మన గ్రంథాలయానికి ఒక పెద్ద ఆంగ్ల నిఘంటువును బహూకరించండి. తల్లిదండ్రులు తమ ఇంటికి వచ్చిన ఏ ఉత్తరాన్నైనా నిస్సంకోచంగా తీసుకొని రండి. కలిసి చదువుదాము. తెలియనిది తెలియదని చెప్పుటకు ఇక నేను సిగ్గుపడను.

సెలవు.