పని పేరుతో గీసిన గీత



అమెరికా మహా ఆర్థిక మాంద్యం అనగానే చాలామందికి ఒక ఫోటో గుర్తొస్తుంది. 1936లో కాలిఫోర్నియా బఠానీ చేల దగ్గర డొరొథియా లాంజ్ తీసినది. చెంపకు ఆనించిన చెయ్యి, తల్లి భుజాల మీద మొహం దాచుకున్న పిల్లలు. తెల్లవాళ్ల పేదరికానికి గుర్తుగా ఊరూరా తిరిగిన ఆ ఫోటోలోని ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ చెరోకీ మూలవాసీ స్త్రీ. ఆమె పేరు లోకానికి తెలిసింది 1978లో!

1933 నాటికి దేశంలో దాదాపు నలుగురిలో ఒకరికి పని లేదు. కొన్ని నగరాల్లో నల్లజాతి కార్మికుల్లో సగం మంది ఖాళీగా ఉన్నారు. 1946లో అంబేద్కర్ డు బోయ్స్‌కు ఉత్తరం రాసిన సంగతి మీకు తెలిసిందే. కులానికీ జాతి వివక్షకూ పోలిక మీద చాలా చర్చ జరిగింది. నేనివాళ ఆ పెద్ద పోలిక జోలికి వెళ్లను. ఒక్క చట్టాన్ని దగ్గరగా చదువుదాం.

1935 ఆగస్టు 14న రూజ్‌వెల్ట్ సామాజిక భద్రతా చట్టం మీద సంతకం చేశాడు. వృద్ధాప్య పింఛను, నిరుద్యోగ భృతి అందులోవే. చట్టం మొత్తం వెతికినా నల్లవాళ్లకు ఇవ్వకూడదు అనే వాక్యం ఒక్కటీ దొరకదు. వ్యవసాయ కూలీలకూ, ఇళ్లలో పనిచేసేవాళ్లకూ వర్తించదని మాత్రం ఉంది. అప్పటి నల్లజాతి కార్మికుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది చేసే పనులు ఆ రెండే. వృత్తి పేరు చెబితే మనిషి ఎవరో తెలిసిపోవడం మనకు కొత్తగా నేర్పాల్సిన పాఠం కాదు.

బిల్లు దశలోనే నల్లజాతి న్యాయవాది చార్లెస్ హ్యూస్టన్ సెనేట్ కమిటీ ముందుకు వెళ్లి, ఇది జల్లెడ, మావాళ్లు జారిపోయేంత కంతలు పెట్టారు అనే అర్థంలో చెప్పాడు. వినలేదు. దక్షిణాది సభ్యుల ఒత్తిడే కారణమని కొందరు చరిత్రకారులంటారు. అలాంటివాళ్ల దగ్గర పన్ను వసూలు కష్టమని ఖజానా శాఖ భయపడింది, బయట మిగిలినవాళ్లలో తెల్లవాళ్లే ఎక్కువ అని మరికొందరంటారు. రెండో మాటలో నిజముంది. కానీ ఉద్దేశం రుజువయ్యేదాకా ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకూడదు అనే వాదన నాకు మింగుడుపడదు.

పొలాల్లో జరిగింది ఇంకా మోటుగా ఉంది. 1933 వ్యవసాయ చట్టం కింద పత్తి వెయ్యకుండా ఆపితే ప్రభుత్వం భూయజమానికి డబ్బిచ్చింది. అందులో పాలు రైతుకు రావాల్సిన వాటాను చాలామంది యజమానులు తామే ఉంచుకుని, సాగు తగ్గింది కదా అని ఆ కుటుంబాలనే గుడిసెల్లోంచి వెళ్లగొట్టారు. 1934 జులైలో అర్కాన్సా రాష్ట్రం టైరోంజా దగ్గర పదకొండు మంది తెల్ల, ఏడుగురు నల్ల రైతులు ఒకే చోట కూర్చుని సంఘం పెట్టుకున్నారు. ఆ ప్రాంతంలో అలా కలిసి కూర్చోవడమే పెద్ద తెగింపు.

ఇక ఇంటిపని. 1935 నవంబరు 'క్రైసిస్' పత్రికలో ఎల్లా బేకర్, మార్వెల్ కుక్ న్యూయార్క్ బ్రాంక్స్ వీధి మూలల గురించి రాశారు. మన అడ్డాల్లాంటివే అవి. పొద్దున్నే నల్లజాతి ఆడవాళ్లు సంచులు పట్టుకుని నిలబడతారు. తెల్ల గృహిణులు వచ్చి, చూసి, బేరమాడి గంటకు కొన్ని సెంట్లకు తీసుకెళతారు. ఒప్పుకున్న కూలి చేతికొస్తుందన్న నమ్మకం కూడా లేదు. ఆ వ్యాసకర్తలు దాన్ని బానిసల సంత అనే పిలిచారు.

చట్టాన్ని 1950లో సవరించారు. అయితే ఇంటిపనిలో ఒకే యజమాని దగ్గర క్రమంగా పనిచేసేవాళ్లకే అది వర్తించింది. రోజుకో ఇల్లు తిరిగే మనిషి ఆ లెక్కలోకి రాదు. రోజుల షరతు తీసేసింది 1954 సవరణలో. 1935లో ఆ వీధి మూలన నిలబడ్డ నలభై ఏళ్ల స్త్రీకి అప్పటికి యాభై తొమ్మిదేళ్లు.