కలిసి నవ్వుదాం, ఆటిజంను అర్థం చేసుకుందాం
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటిజం గురించిన ప్రసంగాలు తరచుగా జాలితో మొదలవుతాయి. జాలిపడినవారు చేయి చాచి సాయం చేస్తారు, కాదనను. కానీ పక్కన కూర్చోబెట్టుకోరు. పక్కన కూర్చోవాలంటే కాస్త నవ్వు కావాలి.

ఆటిజం అంటువ్యాధి కాదు, తల్లి పెంపకంలో లోపమూ కాదు. మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా. అది అందరిలో ఒకేలా ఉండదు. కొందరు అసలు మాట్లాడరు, కొందరు ఇష్టమైన విషయం దొరికితే ఆపరు. చాలామంది మాటను ఉన్నది ఉన్నట్టే తీసుకుంటారు.

మా తరగతిలో అలాంటి కుర్రవాడు ఒకడున్నాడు. "ఒక్క నిమిషంలో వస్తాను" అని వెళ్లిన హెడ్మాస్టరు గారు పదకొండు నిమిషాలకు వచ్చారు. వాడు లేచి, "సార్, మీ నిమిషానికి ఎన్ని సెకన్లు?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. సారూ నవ్వారు, వాడూ నవ్వాడు. అప్పుడు పిల్లలకు ఒక ప్రశ్న వేశాను: "మనం 'తోలు తీస్తా' అంటే వీడికి ఎలా వినబడుతుంది?" క్లాసు నిశ్శబ్దమైంది. గంట పాఠం చెప్పినా రాని అవగాహన ఆ నవ్వు వెనకాలే వచ్చింది.

నాకు తెలిసిన ఒక తల్లి ఉంది. వలీమాలో పెద్దలు, "మీవాడు సలాంకు బదులు చెప్పడేం?" అని నిలదీస్తే, "అందిందండీ, జవాబు పోస్టులో వస్తుంది" అంటుంది. వాళ్లు నవ్వాక మెల్లగా చెబుతుంది: మాట విని జవాబు కూర్చుకోవడానికి వాడికి సమయం కావాలని. ఆ తర్వాత వాళ్లు ఆగి వింటారు.

పెద్దయ్యాక తమకు ఆటిజం ఉందని తెలుసుకున్న ఆస్ట్రేలియా హాస్య కళాకారులు హన్నా గ్యాడ్స్‌బీ 2020లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'డగ్లస్' ప్రదర్శనలో తమ బడి రోజుల వ్యాకరణ పాఠం చెప్పి నవ్విస్తారు. టీచరు పెట్టెను ఉదాహరణగా చూపిస్తే, ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంది ఆ పిల్ల. టీచరుకు అది పొగరుగా కనిపించవచ్చు. నవ్విన ప్రేక్షకుడికి మాత్రం తెలుస్తుంది, ఆ పిల్ల నిజంగానే తెలుసుకోవాలని అడిగిందని.

అయితే ప్రతి నవ్వూ మంచిది కాదు. ఒక హిందీ సినిమాపై వచ్చిన కేసులో 2024 జూలైలో సుప్రీంకోర్టు ఈ గీత గీసింది: వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యం వేరు, వైకల్యం ఉన్నవారిని కించపరిచే హాస్యం వేరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది. నలుగురిలో కావాలని అవమానిస్తే కనీసం ఆరు నెలల జైలు. మనకు ఇంకా సులువైన కొలత ఉంది. జోకు వేశాక ఆ పిల్లవాడి తల్లి ముఖం చూడండి. ఆమె తల దించుకుంటే అది జోకు కాదు.

దాతలకు మూడు మనవులు. ఈ పిల్లలను ఫొటో కోసం మైకుల హోరులో వేదికెక్కించకండి. మన ప్రతి కార్యక్రమంలో ఒక నిశ్శబ్దమైన గది ఉంచండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలో ఇలాంటి పిల్లలకు పరీక్షలు, సలహాలు దొరుకుతాయి. అక్కడికి వెళ్లాలంటే పేద తల్లికి ఆ రోజు కూలి పోతుంది. ఆ కూలిని మన సంఘం భరించగలదు. ఈ ఏడాది అక్కడి నుంచే మొదలుపెడదాం.