క్యాన్సరు రోగికి ఉపచారము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



 ఇట్టి శుభసమయమున రోగమును గూర్చి మాటలాడుట తగునా యని నేనును కొంత సంకోచించితిని. ఏదైన సాహిత్య విషయమును ఎంచుకొనుమని కొందరు మిత్రులు సలహా యిచ్చిరి. కాని నాకు తెలిసినది నర్సుపని. ముప్పది సంవత్సరములకు పైగా ఆసుపత్రులలో పనిచేసితిని. అందు పెక్కు సంవత్సరములు క్యాన్సరు వార్డులలోనే గడచినవి. అచ్చట నేను చూచిన దుఃఖములో చాల భాగము తెలియమివలన కలిగినదే. తెలియమిని తొలగించుటకే గదా గ్రంథాలయములు వెలసినవి! కావున ఈ విషయమును ఇచ్చటనే చెప్పవలెనని నిశ్చయించుకొంటిని.

మన పెద్దలు ఈ వ్యాధిని రాచపుండు అనిరి. ఆ పేరు పలుకుటకు నేటికిని జంకువారు కలరు. మన శరీరము కోట్లాది కణములతో నిర్మితమైనది. ఒక్కొక్క కణము అవసరమైనంతవరకే పెరిగి, చీలి, కాలము తీరగనే నశించును. ఒక కణము ఈ కట్టుబాటు మీరి, అదుపులేక పెరుగుచు, చుట్టుప్రక్కల భాగములలోనికి చొచ్చుకొనిపోవుటయే క్యాన్సరు. ఇది పూర్వజన్మ పాపఫలము కాదు, అంటురోగమును కాదు. రోగి త్రాగిన గ్లాసుతో నీరు త్రాగినను, రోగి ప్రక్కన పరుండినను మరియొకరికి సోకదు. ఈ మాటను ఇంతగా నొక్కి చెప్పుటకు కారణమైన ఒక అనుభవమును మీకు విన్నవించెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట ఏబది యేండ్ల గ్రామీణ స్త్రీ యొకతె మా వార్డునకు వచ్చినది. రొమ్ములో గడ్డ కనబడి రెండేండ్లయినను సిగ్గుచేత ఎవరికిని చెప్పలేదు. గడ్డ పగిలి పుండయినది. పుండు దుర్వాసన కొట్టసాగినది. ఇంటివారు ఆమె మంచమును పశువుల కొట్టములోనికి మార్చిరి. వారు దుర్మార్గులు కారు. ఏమి చేయవలెనో తెలియనివారు. ఆ వాసన పుండులో చేరిన సూక్ష్మజీవులవలన కలుగునది. మేము కాచి చల్లార్చిన ఉప్పునీటితో పుండును కడిగి, మెట్రోనిడజోలు మాత్రలను మెత్తగా నూరి, ఆ పొడిని చల్లి, శుభ్రమైన గుడ్డతో కట్టు కట్టితిమి. ప్రతిదినము ఇట్లే చేయగా కొలది దినములలోనే వాసన తగ్గినది. మొదటి దినము ముక్కునకు కొంగు అడ్డము పెట్టుకొని గుమ్మము కడ నిలిచిన కోడలు, వారము తిరుగక మునుపే చేతులు కడుగుకొని తానే కట్టు కట్ట నేర్చినది. రోగము ముదిరిపోయినందున నయము చేయుట మాకు సాధ్యము కాలేదు. కాని యింటికి పోవునాడు ఆమె నా చేయి పట్టుకొని, “పుండు మానకపోతే మానకపోయింది నర్సమ్మా, మళ్ళీ నన్ను ఇంట్లో పడుకోనిస్తారు” అన్నది. ఆ మాట నేను మరువలేదు. ఆ రెండేండ్లు దాచక ముందుగా వచ్చియుండినచో ఆమె బ్రతికియుండెడిదేమో యను బాధయు నన్ను విడువలేదు.

ఆ రెండేండ్ల విలువ తెలియవలెనన్నచో చికిత్స ఎంత ముందునకు సాగినదో తెలిసికొనవలెను. ఒకప్పుడు శస్త్రచికిత్స యొక్కటే ఆధారము. 1895లో రాంట్జెను ఎక్స్‌-కిరణములను, 1898లో క్యూరీ దంపతులు రేడియమును కనుగొనిన పిమ్మట కిరణచికిత్స ఏర్పడినది. మూడవ సాధనమైన మందు లభించుటలో మన తెలుగువారి చేయి కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలయందు పరిశోధకులకు నాయకులై, ఫోలిక్‌ ఆమ్లమును కృత్రిమముగా తయారు చేయించిరి. కణము చీలుటకు ఈ ఆమ్లము ఆవశ్యకము. రూపమున దానిని పోలియుండి, దాని పనిని అడ్డగించు పదార్థములు కూడ అచ్చటనే తయారైనవి. బీగములో దూరి, తిరుగక, ఇరుక్కొనిపోవు మారు తాళపుచెవివంటి వవి. వానిలో ఒకటైన అమినాప్టెరినును బోస్టను నగరమున డాక్టరు సిడ్నీ ఫార్బరు రక్తక్యాన్సరు గల 16 మంది పిల్లలకు ఇయ్యగా, 10 మందికి వ్యాధి తాత్కాలికముగా తగ్గినదని 1948 జూనులో ప్రకటింపబడినది. ఆ యేడే ఆగస్టులో సుబ్బారావుగారు పరమపదించిరి. ఆ పిల్లలకు కలిగిన మేలు ఎంతోకాలము నిలువలేదు. అయినను అదే కోవకు చెందిన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. పలు మందులను కలిపి యిచ్చు పద్ధతి స్థిరపడిన తరువాత, మంచి చికిత్స అందుబాటులోనున్న దేశములలో, పిల్లలకు సాధారణముగా వచ్చు రక్తక్యాన్సరునుండి నూటికి 80 మందికి పైగా బ్రతికి బయటపడుచున్నారు.

అయితే ఈ మందులు క్యాన్సరు కణమునకును, వేగముగా పెరుగు మంచి కణమునకును భేదమును పూర్తిగా గుర్తింపలేవు. అందుచేతనే జుట్టు రాలును, నోరు పూయును, వాంతులగును, రక్తములోని తెల్లకణములు తగ్గును. ఇచ్చటనే నర్సుపని యొక్క ప్రాముఖ్యము తెలియును. మందు ఆ రోగికి వ్రాసినదేనా, మోతాదు సరియైనదేనా యని యిరువురు వేరువేరుగా చూడవలెను. విన్‌క్రిస్టిను అను మందును రక్తనాళములోనికే ఎక్కింపవలెను. పొరపాటున వెన్నులోని కెక్కించినచో ప్రాణము పోవును. కొన్ని మందులు రక్తనాళము వెలుపలికి కారినచో అచ్చటి కండ చచ్చును. కావున మందు ఎక్కుచున్నంతసేపు సూదిపై కన్ను వేసి యుండవలెను.

రోగి యింటికి వచ్చిన పిమ్మట ఈ కాపలా ఇంటివారిది. మందు ఎక్కించిన తరువాత సాధారణముగా ఒకటి రెండు వారములకు తెల్లకణములు మిక్కిలి తగ్గియుండును. ఆ దినములలో 100.4 డిగ్రీల జ్వరము కనబడినను తెల్లవారువరకు ఆగరాదు. జ్వరపు మాత్ర వేసి పండుకొనబెట్టుట ప్రమాదకరము. ఆ రాత్రియే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. నడిరేయి బిడ్డ నొసట చేయి వేసి చూచిన తల్లి శ్రద్ధ లేనిచో, శాస్త్రజ్ఞుడు కనుగొనిన గొప్ప మందును నిష్ఫలమగును.

ఇక నొప్పిని గూర్చి చెప్పవలెను. లండను నగరమున సిసిలీ సాండర్సు అను మహనీయురాలు మొదట నర్సుగా పనిచేసి, తరువాత వైద్యవిద్య నభ్యసించి, 1967లో సెయింట్‌ క్రిస్టఫర్స్‌ హాస్పిస్‌ అను ఉపశమనాలయమును స్థాపించెను. నొప్పి భరింపరానిదై రోగి మూలుగువరకు వేచియుండక, గడియారమును చూచి, వేళకు ముందుగానే మందు ఇయ్యవలెనని ఆమె బోధించెను. దేహపు నొప్పితోపాటు మనసు నొప్పి, కుటుంబమును గూర్చిన దిగులు కూడ కలిసియుండునని ఆమె గుర్తించెను. 1986లో ప్రపంచ ఆరోగ్యసంస్థ, తీవ్రమైన క్యాన్సరు నొప్పికి మార్ఫినును నోటిద్వారా నియమితవేళలలో ఇయ్యవలెనని సూచించినది. మార్ఫిను నల్లమందునుండి తీయబడునది. నల్లమందును ప్రభుత్వ అనుమతితో పండించు దేశములలో మనదియు ఒకటి. అయినను 1985 నాటి మత్తుపదార్థముల చట్టపు నిబంధనలవలన మన రోగులకే అది దుర్లభమైనది. 2014లో ఆ చట్టము సవరింపబడి మార్గము కొంత సుగమమైనది. “అలవాటు పడునేమో” యని యింటివారు మార్ఫినును దాచిపెట్టుట నేను చూచితిని. వైద్యుడు నొప్పికి తగినట్లు నిర్ణయించిన మోతాదులో ఇచ్చినచో అట్టి భయమున కవకాశము తక్కువ. మలబద్ధకము మాత్రము తప్పక కలుగును. దానికి విరేచనకారిని కూడ మొదటినుండియే ఇయ్యవలెను.

రోగము వచ్చిన తరువాత చేయు సేవకంటె, రాకుండ చేయు సేవ మిన్న. మన రాష్ట్రమున శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో స్త్రీలు చుట్ట నిప్పును నోటిలోపల నుంచుకొని అడ్డపొగ త్రాగు అలవాటు చిరకాలముగా కలదు. దానివలన అంగిలికి క్యాన్సరు వచ్చును. పొగాకు నమలువారికి చెంపలకును, నాలుకకును వచ్చును. గర్భాశయ ముఖమునకు వచ్చు క్యాన్సరు విషయమున మన నర్సులు సాధించిన విజయము గర్వింపదగినది. తమిళనాడులోని దిండిగల్లు జిల్లాలో 2000 మొదలు 2003 వరకు శిక్షణ పొందిన నర్సులు 31,343 మంది స్త్రీలను పరీక్షించిరి. పలుచని ఎసిటిక్‌ ఆమ్లమును, అనగా వినిగరులో నుండు పుల్లని ద్రవమును, గర్భాశయ ముఖమున అద్ది, నిమిషము ఆగి చూచుటయే ఆ పరీక్ష. చెడిన భాగము తెల్లబడును. అట్టి పరీక్షలు జరుగని గ్రామములతో పోల్చి చూడగా, ఈ క్యాన్సరు నూటికి 25 వంతులు, దానివలని మరణములు నూటికి 35 వంతులు తగ్గినవని 2007లో ప్రకటించిరి. ఈ వ్యాధికి మూలమైన పాపిలోమా వైరసును నివారించు టీకాయు 2006 నుండి వాడుకలోనికి వచ్చినది. దానిని 9 మొదలు 14 సంవత్సరముల వయసులో బాలికలకు వేయించుట శ్రేష్ఠము.

ఈ గ్రంథాలయము వారికి నాదొక మనవి. మానని పుండు, నొప్పిలేని గడ్డ, నోటిలో తెల్లని లేక ఎర్రని మచ్చ, ముట్లుడిగిన తరువాత రక్తస్రావము, మూడు వారములు దాటిన గొంతు బొంగురు, మ్రింగుటలో కష్టము — వీనిలో ఏది కనబడినను వైద్యునికి చూపవలెనని పెద్దయక్షరములతో వ్రాసి, పత్రికలు చదువు బల్లకు ఎదురుగా గోడపై నుంచుడు. చదువురాని తల్లులకు నెలకొకమారు ఎవరైన చదివి వినిపింపుడు. మెహదీ నవాజ్‌ జంగ్‌ పేరిట గల క్యాన్సరు వైద్యసంస్థ హైదరాబాదులో 1955 నుండి పనిచేయుచున్నది. 1954లో మద్రాసులోని అడయారున క్యాన్సరు వైద్యశాల వెలసినది. దానిని నెలకొల్పిన డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు తన చెల్లెలు ఈ వ్యాధితో మరణించుటను కన్నులార చూచినవారు. ఆ దుఃఖమును ఆమె పరుల సేవగా మార్చుకొనిరి. మనకు అంతటి కార్యము చేయు శక్తి లేకపోవచ్చును. కాని మన వీధిలో ఏ రోగి మంచమును కొట్టములోనికి పోకుండ చూచుట మన చేతిలోని పనియే.