కాన్పు దాకా ఓర్చుకోనక్కరలేదు



కడుపుతో ఉన్న మనిషికి కాళ్ళు వాస్తే ఇంట్లో అందరూ చూస్తారు. కడుపులో నొప్పి అంటే బండి కట్టిస్తారు. పన్ను నొప్పి అంటే మాత్రం ఎవరూ లేవరు. "లవంగం పెట్టుకో, అదే తగ్గిపోద్ది" అంటారు. తగ్గకపోతే "కాన్పయ్యాక చూద్దాంలే" అంటారు. ఈ రోజు మాట ఆ పన్ను నొప్పి గురించే.

ఒక ఇల్లు అనుకోండి. ఆ ఇంటి కోడలికి ఆరో నెల. మూడు రాత్రుల నుంచి పిప్పిపన్ను పోటు. వేడి తగిలినా, చల్లన తగిలినా ప్రాణం పోయినంత పని అవుతోంది. అన్నం ఒక పక్కనే నములుతోంది. ఆ మాట అత్తకు చెప్పింది.

"అత్తా, పట్నం పోయి పన్ను చూపించుకొస్తాను."

"కడుపుతో ఉన్నదానివి, సూది వేయించుకుంటావా? బిడ్డ మీదికొస్తే ఏం చేస్తావు? మూడు నెలలు ఓర్చుకో తల్లీ!"

అత్త చెడ్డది కాదు. కోడలి మీద ప్రేమ ఉంది. పుట్టబోయే మనవడి మీదో మనవరాలి మీదో ఇంకా ప్రేమ ఉంది. అందుకే భయపడింది. అయితే ఆ భయం వల్ల కోడలికి, కడుపులో బిడ్డకు మేలు జరగదు. ఎందుకో చూద్దాం.

పళ్ళకు, చిగుళ్ళకు ఏమవుతుంది?

గర్భం వచ్చాక ఒంట్లో హార్మోన్లు పెరుగుతాయి. వాటి వల్ల చిగుళ్ళు మెత్తబడతాయి. ఎర్రబడి వాస్తాయి. పళ్ళ మీద పాచి ఉంటే ఇంకా తొందరగా వాస్తాయి. తోముకుంటుంటే నెత్తురు వస్తుంది. రెండో నెల, మూడో నెల నుంచి చాలామందికి ఇలా జరుగుతుంది. నెత్తురు చూసి భయపడి కొందరు తోముకోవడమే మానేస్తారు. అప్పుడు పాచి పెరుగుతుంది. పాచి గట్టిపడి గార అవుతుంది. చిగురు ఇంకా వాస్తుంది. నెత్తురు వచ్చినా సరే, మెత్తగా తోముకోవాలి.

వేవిళ్ళప్పుడు కడుపులోని పులుపు నోట్లోకి వస్తుంది. ఆ పులుపు పంటి పైపొరను మెత్తబరుస్తుంది. వాంతి అయిన వెంటనే గట్టిగా తోమితే ఆ పొర అరిగిపోతుంది. ముందు నీళ్ళతో బాగా పుక్కిలించాలి. గ్లాసు నీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలిస్తే పులుపు విరుగుతుంది. అరగంట ఆగి, ఆ తరువాత తోముకోవాలి.

బిడ్డ తల్లి పళ్ళలోని సున్నాన్ని లాగేసుకుంటుందని కొందరి నమ్మకం. అది నిజం కాదు. బిడ్డ ఎముకలకు కావలసిన కాల్షియం తల్లి తినే తిండి నుంచి పోతుంది. తిండిలో చాలకపోతే తల్లి ఎముకల నుంచి పోతుంది. పళ్ళ నుంచి పోదు. పన్ను పుచ్చేది పాచి వల్ల, తీపి వల్ల. కాబట్టి "కాన్పుకో పన్ను పోవడం ఆడదాని రాత" అని ఊరుకోనక్కరలేదు.

ఓర్చుకుంటే ఏమవుతుంది?

పంటిలో పుచ్చు చిన్నగా ఉన్నప్పుడు డాక్టరు శుభ్రం చేసి సిమెంటు నింపుతారు. పని అంతటితో అయిపోతుంది. ఓర్చుకుంటూ పోతే పుచ్చు లోపలి నరం దాకా పోతుంది. పంటి వేరు దగ్గర చీము పడుతుంది. దవడ వాస్తుంది. జ్వరం వస్తుంది. తల్లి తినలేదు, నిద్రపోలేదు. తల్లి తినకపోతే బిడ్డకు బలం ఎక్కడి నుంచి వస్తుంది?

దవడ వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా ఒక్క రాత్రి కూడా ఆగరాదు. ఎన్నో నెల అయినా సరే, వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. ఊపిరి ఆడడం కష్టమైతే 108కి ఫోను చేయాలి. చీము ఒంట్లోకి పాకితే తల్లికీ బిడ్డకీ ముప్పు.

డాక్టరు ఏం చేస్తారు?

పంటి వైద్యం గర్భం ఉన్నప్పుడు చేయించుకోవచ్చు. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా తల్లికి వీలుగా ఉంటుంది. అప్పటికి వేవిళ్ళు తగ్గుతాయి. కడుపు మరీ బరువు కాదు. ఎక్కువసేపు కుర్చీలో కూర్చోగలదు. పోటు, చీము ఉంటే మాత్రం నెలలు లెక్కపెట్టుకుంటూ కూర్చోరాదు.

పన్ను తీసేటప్పుడు ఆ చోట మాత్రమే మొద్దుబారేలా మత్తు సూది వేస్తారు. లిగ్నోకైన్ అనే ఆ మందు గర్భిణులకు వాడదగినదే. సూది లేకుండా నొప్పి భరిస్తేనే ఒంటికి ఎక్కువ బాధ. అవసరమైతే పంటికి ఎక్స్‌రే తీస్తారు. అది పంటి మీదికే పడుతుంది. బిడ్డ దాకా చేరేది బహు కొద్ది. పొట్ట మీద సీసం ఉన్న బరువైన గుడ్డ కూడా కప్పుతారు. ఎక్స్‌రేకు ముందే "కడుపుతో ఉన్నాను" అని చెప్పాలి.

ఏడో నెల దాటాక వెల్లకిలా పడుకుంటే కొందరికి కళ్ళు తిరుగుతాయి. కడుపు బరువు వెనకనున్న పెద్ద రక్తనాళం మీద పడడం దానికి కారణం. అప్పుడు కుడి పక్క నడుము కింద చిన్న దిండు పెట్టించుకుని, కొంచెం ఎడమకు ఒరగాలి. కళ్ళు తిరుగుతుంటే సిగ్గుపడక డాక్టరుకు చెప్పాలి.

2006లో అమెరికాలో 823 మంది గర్భిణుల మీద చేసిన ఒక పరిశోధన ఫలితం బయటికి వచ్చింది. వాళ్ళందరికీ చిగుళ్ళ జబ్బు ఉంది. సగం మందికి గర్భంలోనే గార తీసి వైద్యం చేశారు. మిగతా సగం మందికి కాన్పయ్యాక చేశారు. గర్భంలో వైద్యం చేయించుకున్న వాళ్ళ చిగుళ్ళు బాగుపడ్డాయి. దాని వల్ల బిడ్డలకు హాని పెరగలేదు. నెలలు నిండని కాన్పులు కూడా దాని వల్ల తగ్గలేదు. అంటే, తల్లి నోటి కోసం చేసిన వైద్యం తల్లి నోటిని బాగుచేసింది. బిడ్డకు కీడు చేయలేదు.

ఏ మాత్ర వేసుకోవాలి?

అసలు జాగ్రత్త పడవలసింది ఇక్కడ. చాలా ఇళ్ళలో డాక్టరు దగ్గరికి పోవడానికి భయం, మందుల కొట్టుకు పోవడానికి భయం లేదు. "పన్ను నొప్పికి రెండు బిళ్ళలు ఇవ్వండి" అని అడుగుతారు. కడుపుతో ఉన్న సంగతి చెప్పరు. కొట్టువాడు అడగడు.

నొప్పికి, జ్వరానికి డాక్టరు చెప్పినంత మేరకు పారాసిటమాల్ వాడవచ్చు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్ళలు సొంతంగా వేసుకోరాదు. అయిదో నెల దాటాక వాటి వల్ల బిడ్డ మూత్రపిండాలకు దెబ్బ తగలవచ్చు. నెలలు పెరిగాక బిడ్డ గుండె దగ్గరి రక్తనాళానికీ హాని కలగవచ్చు. పంటి నొప్పికి ఆస్పిరిన్ వేసుకోరాదు. బీపీ కోసమో మరో కారణానికో డాక్టరే చిన్న మోతాదు ఆస్పిరిన్ రాసి ఉంటే, దాన్ని సొంతంగా మానరాదు.

బిడ్డ పాలపళ్ళు తల్లి కడుపులోనే తయారవుతాయి. నాలుగో నెల నుంచి అవి గట్టిపడుతుంటాయి. ఆ రోజుల్లో తల్లి టెట్రాసైక్లిన్ మందు వాడితే బిడ్డ పళ్ళకు పసుపు, గోధుమ రంగు మరకలు పడతాయి. ఆ మరకలు కడిగితే పోవు. చీముకు వేరే మందులున్నాయి. అమాక్సిసిలిన్ వంటివి డాక్టరు చూసి రాస్తారు. అది పడని వాళ్ళకు వేరేది రాస్తారు.

ఇంట్లో ఏం చేయాలి?

డాక్టరును చూసేలోగా గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించాలి. దవడ మీద బయటి నుంచి చల్లని గుడ్డ పెట్టుకోవచ్చు. ఇవి కాస్త ఉపశమనం ఇస్తాయి. పుచ్చును మాన్పవు. పంటిలో కిరసనాయిలు, నశ్యం, బిళ్ళల పొడి పెట్టరాదు. చిగురు కాలిపోతుంది.

పొద్దున ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో, మెత్తని బ్రష్షుతో తోముకోవాలి. ఇసుక, బొగ్గు, ఇటుక పొడి పంటిని అరగదీస్తాయి. నశ్యంతో, గుడాకుతో తోముకునే అలవాటు మానాలి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు కొందరు స్త్రీలు చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. దాని వల్ల అంగిట్లో పుండు పడి, క్యాన్సరు కూడా వస్తుంది. పొగాకు ఏ రూపంలో వాడినా కడుపులో బిడ్డ బరువు తగ్గుతుంది.

రాగిజావ, పాలు, పెరుగు, నువ్వులు, మునగాకు తినాలి. నర్సమ్మ ఇచ్చే ఐరన్, కాల్షియం బిళ్ళలు రెండూ వేసుకోవాలి. అయితే రెండూ ఒకే పూట కలిపి వేసుకోరాదు.

చీటీ రాసుకోండి

2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తున్నారు. ఆ రోజు పన్ను మాట కూడా ఎత్తాలి. పంటి డాక్టరు ఎక్కడ ఉంటారో నర్సమ్మను, ఆశా కార్యకర్తను అడగాలి. ఏరియా ఆసుపత్రికి పంపితే పోవాలి. హైదరాబాదు, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు కూడా ఉన్నాయి.

పోయే ముందు ఒక చీటీ రాసుకోవాలి. అక్షరాలు నేర్చినందుకు ఇది మంచి పని. చీటీలో నాలుగు సంగతులు చాలు. ఎన్నో నెల. ఏ మందులు వాడుతోంది. ఏ మందు పడదు. బీపీ, సుగరు, రక్తహీనత ఉన్నాయా. దాంతో పాటు తల్లీబిడ్డల కార్డు తీసుకుపోవాలి. బిళ్ళల పట్టీ మీద పేరు ఇంగ్లీషులో ఉంటుంది. అందుకని డాక్టరు ఇచ్చిన మందు పేరు, పూటకు ఎన్ని, ఎన్ని రోజులు అన్నది తెలుగులో అడిగి రాసుకోవాలి.

అత్తలకు ఒక మాట. కోడలు ఒంటరిగా పోతే సగం భయంతోనే తిరిగి వస్తుంది. అత్త పక్కన ఉంటే ధైర్యంగా నోరు తెరుస్తుంది. డాక్టరును అడగవలసిన సందేహాలు అత్తకే ఎక్కువ ఉంటాయి. వాటిని అక్కడే అడగాలి. రేపు బిడ్డ పుట్టాక ఆ బిడ్డ నోటికి అందించే చెంచాను తల్లి గాని, నానమ్మ గాని ముందుగా తమ నోట్లో పెట్టుకోకూడదు. పెద్దవాళ్ళ నోట్లోని పన్ను పుచ్చు క్రిములు ఎంగిలితో బిడ్డకు అంటుకుంటాయి. పెద్దవాళ్ళ నోరు బాగుంటే బిడ్డ పళ్ళకూ మంచిదే.

చీటీ ఈ రాత్రే రాయండి. పోటు ఉన్నవాళ్ళు రేపే బయలుదేరండి.