ఎవరి రుచి, ఎవరి చరిత్ర?
(మహిళా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



చీరాల వీధుల్లో సందర్శకుల్ని నడిపిస్తూ, చరిత్ర చెప్తూ, స్థానిక వంటలు రుచి చూపించే వ్యాపారం పెట్టుకుంటే ఎలా వుంటుందని ఒక మహిళా పొదుపు సంఘం నన్నడిగింది. పెట్టుబడి తక్కువ, వండటం మనకొచ్చిన పనే అన్నారు. మంచి ఆలోచనే. అయితే మొదటి రోజే తేల్చుకోవలసిన ప్రశ్నలు రెండున్నాయి. దారి ఎవరు నిర్ణయిస్తారు? డబ్బు ఎవరి చేతికొస్తుంది?

చీరాల అనగానే 1921 గుర్తొస్తుంది. పురపాలక సంఘం ఏర్పాటునూ, దానితో వచ్చిన పన్నులనూ వ్యతిరేకించి చీరాల-పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఇళ్ళు వదిలారు. ఊరి బయట రామనగరం పేరుతో పాకలు వేసుకుని నెలల తరబడి వున్నారు. ఇంతవరకు ఎవరైనా చెప్తారు. అన్ని వేల మందికి అక్కడ నీళ్ళు మోసిందెవరు, పొయ్యి రాజేసిందెవరు అని అడిగితే జవాబుండదు. ఆ శ్రమ త్యాగాల లెక్కలోకి రాలేదు.

అదే చీరాలకు 1985లో మరికొందరు ఇళ్ళు వదిలి వచ్చారు. దగ్గరలోని కారంచేడులో మంచినీళ్ళ చెరువును మురికి చేయవద్దన్నందుకు గొడవ మొదలైంది. దళిత స్త్రీ మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచింది. జూలై 17న అగ్రకుల భూస్వాములు మాదిగవాడ మీద పడి ఆరుగురిని చంపారు. స్త్రీలపై అత్యాచారాలు చేశారు. బతికి బయటపడ్డవాళ్ళు చీరాలలో శిబిరం వేసుకున్నారు.

మొదటి వలసను చెప్పి రెండోదాన్ని దాటేస్తే అది చరిత్ర కాదు. అలాగని బాధితుల గడప ముందు సందర్శకుల్ని నిలబెట్టడమూ తప్పే. వాళ్ళ అనుమతితో, వాళ్ళ నోటనే, వాళ్ళు చెప్పదలచినంతే చెప్పించాలి.

ఇక విస్తరి. గోంగూర, కందిపొడి, పండుమిరప పచ్చడి సరే. జొన్న సంకటి, ఎండుమాంసం, పెద్దకూర ఎక్కడ? అవి సంప్రదాయం కాదంటారా? మిరపకాయే పోర్చుగీసు వారి రాకతో మనకు చేరిన పంట! ఆ కాయలు కోసి, ఆరబెట్టి, తొడిమలు తీసే ఆడకూలీల చేతులు రాత్రి కూడా మండుతూనే వుంటాయి. ఆ మాట కూడా తినేవాళ్ళకు తెలియాలి.

చివరగా డబ్బు. నేను చూసిన ఒక నడకలో కబుర్లు చెప్పిన అబ్బాయికి రుసుములో సగం దక్కింది. తెల్లవారకముందే లేచి వండిన అక్కకు సరుకుల ఖర్చు, ఒక చీర ఇచ్చారు. 'ఇంటి వంటేగా, దానికి కూలేమిటమ్మా' అన్నారు. ఇంట్లో వెలలేని పనికి బజారులోనూ వెల రాలేదు.

అందుకే వండటం, అంట్లు తోమడం, దారి చూపడం, కథ చెప్పడం అన్నీ గంటల లెక్కన రాయండి. అన్నిటికీ ఒకే రేటు పెట్టండి. వండేవాళ్ళకు చరిత్ర చెప్పడంలో శిక్షణ ఇవ్వండి, మాట్లాడేవాళ్ళు వంతుల ప్రకారం గిన్నెలు కడగాలి. లెక్కల పుస్తకం నెలకోసారి అందరి ముందూ చదవండి.

ఆ సంఘంలో ఒకామె 'మా అమ్మ నీళ్ళకు నడిచిన దారి కూడా చరిత్రేనా' అని అడిగింది. నడక అక్కడినుంచే మొదలుపెట్టమన్నాను.