శ్రుతి పట్టువాని పాలు



ఉత్సవమన్నచో మేళముండవలెను. పెండ్లియైనను, దేవుని కల్యాణమైనను, గ్రంథాలయ వార్షికోత్సవమైనను ఊరిలో మొదట వినవచ్చునది మేళధ్వనియే. అయినను మేళమునందు ఎవరెవరు ఏయే పని చేయుదురు, అది యెట్లు కూడును, ఎట్లు చెడును, అందుండి యొకడు విడివడి తానే ముఖ్యుడై కచేరి చేయుటకు ఏమి కావలెను అని విచారించువారు తక్కువ. విని యానందించుటకు ఈ విచారము అక్కరలేదని కొందరనవచ్చును. కాని మేళమును పిలిపించువారును, బేరమాడువారును, డబ్బు చెల్లించువారును గ్రామస్థులే. విద్య నిలుచుటయు, నశించుటయు కొంతవరకు వారి చేతిలోనే యున్నది. కావున వారికి ఈ విచారము తగియున్నది.

పూర్వులు దీనిని చక్కగా వింగడించియున్నారు. భరతముని నాట్యశాస్త్రమునందు వాద్యములను నాలుగు తెగలుగా చెప్పెను. తంత్రులు గల వీణాదులు తతములు. ఊపిరితో పలుకు వేణువు మొదలగునవి సుషిరములు. తోలు మూసిన మృదంగాదులు అవనద్ధములు. కంచు తాళములవంటివి ఘనములు. 13వ శతాబ్దమున దేవగిరి యాదవరాజుల కొలువునందుండిన శార్ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరమున గాయకులను మూడు విధములుగా విభజించెను. ఒంటరిగా పాడువాడు ఏకలుడు. మరియొకనితో కూడి పాడువాడు యమలుడు. సమూహముతో పాడువాడు బృందగాయకుడు. ఉత్తమ బృందమున ముఖ్యగాయకులు నలుగురు, వారికి తోడుగా పాడువారు ఎనమండుగురు, గాయనులు పండ్రెండుగురు, వేణువాదకులు నలుగురు, మార్దంగికులు నలుగురు, వెరసి 32 మంది యుండవలెనని లెక్క కట్టెను.

ఆ శాస్త్రకారుడు అంతటితో విడువక బృందమునకుండవలసిన గుణముల నారింటిని చెప్పెను. ముఖ్యుని అనుసరించుట, ఒండొరులతో కలియుట, తాళమునందు లీనమై నడచుట, ఒకని లోపమును మరియొకడు పూరించుట, మూడు స్థాయిలను అందుకొనగల శక్తి, ధ్వనుల సామ్యము అనునవి యా యారు గుణములు. వీనిలో మొదటి నాలుగును కంఠబలమునకు సంబంధించినవి కావు, నడవడికి సంబంధించినవి. బృందము చెడుట కంఠములోపమువలనకంటె నడవడి లోపమువలననే యెక్కువయని ఆ మహానుభావుడు ఏడువందల యేండ్లకు ముందే గుర్తించియుండును.

ఇక తెలుగునాటి సన్నాయి మేళమును చూడుడు. సన్నాయిలు ఒకటియో రెండో యుండును. డోలు ఒకటియో రెండో యుండును. కంచు తాళములు వేయువాడొకడు. శ్రుతి పట్టువాడొకడు. ఈ శ్రుతివాని చేతిలోనిది ఒత్తు. అది చూపునకు సన్నాయివలెనే యుండును గాని, దానికి వ్రేళ్లతో మూసి తెరచు స్వరరంధ్రములు లేవు. అది పలుకునది యొక్క స్వరమే. కాని ఆ యొక్క స్వరమును తెంపు లేకుండ నిలుపవలెను. ముక్కుతో ఊపిరి తీసికొనుచు, అదే క్షణమున బుగ్గలలో నిలువయున్న గాలిని పీకలోనికి నెట్టుచుండవలెను. ఇది యభ్యాసముచేతనే గాని వచ్చునది కాదు. సాధారణముగ ఈ పనియు, తాళము వేయు పనియు మేళములోని పిన్నవానికే లభించును. పెద్దలు రాగమాలపించుచుండగా వాడు గంటలకొలది ఆధారషడ్జమమును పట్టి కూర్చుండును. చూచువారికి వాడు పనిలేనివానివలె కన్పట్టును. నిజమునకు వాడు చదువుకొనుచున్నాడు. ఏ రాగము ఆ షడ్జమముమీద ఎట్లు లేచి, ఎట్లు దిగునో వాని చెవి యెరుగును. తాళము వేయువానికి ఏ కీర్తన ఎక్కడ ఎత్తుకొనునో చేతికి తెలియును. ఆ మూల పీటయే మేళమునకు పాఠశాల.

సాధనముల విషయమును కొంత చెప్పవలసియున్నది. నాదస్వరమును ఎక్కువగా ఆచా అను గట్టి కొయ్యతో చేయుదురు. పైని ఏడు స్వరరంధ్రములు. క్రిందివైపున మరి యైదు రంధ్రములు గలవు. ఈ యైదింటిని వ్రేళ్లతో వాయింపరు. వానిని మైనముతో కొంత మూసియు, కొంత తెరచియు శ్రుతిని సరిచేయుదురు. కొయ్య యెంత మంచిదైనను, ప్రాణము మాత్రము రెల్లువంటి గడ్డి కాడతో చేసిన పీకలో నున్నది. అది ఉమ్మి తడికి మెత్తబడును, ఎండకు బిగిసిపోవును, అంచు చీలినచో పనికిరాదు. అందుచేతనే వాయించువాడు మారుపీకలను, వానిని సవరించు సూదిని దారమున గ్రుచ్చి వాద్యమునకే వ్రేలాడదీసికొనును. అది యలంకారమని పిల్లలనుకొందురు. అది జాగ్రత్త.

మృదంగము పనసకొయ్యతో చేసినది. దాని కుడిమూతమీద నల్లని మందు శాశ్వతముగ నుండును. ఎడమమూతకు కచేరి వేళ రవ్వ తడిపి ముద్దగా అంటింతురు. గాలిలో తేమ హెచ్చినచో తోలు సడలి శ్రుతి దిగును. ఎండ హెచ్చినచో బిగిసి శ్రుతి యెక్కును. ఒక మృదంగము కొలది శ్రుతిభేదమునకు మాత్రమే లొంగును. పురుషుల శ్రుతికి కట్టిన మృదంగము స్త్రీల హెచ్చు శ్రుతికి సరిపడదు. రెండు మృదంగములు మోసికొనివచ్చినవాడు డంబాచారి యని నవ్వరాదు. బండిచార్జీ చూచుకొని ఒక్కటియే తెచ్చినవాడు సభలో తల వంచుకొనవలసి వచ్చును.

కచేరికి వెళ్లువారికి దారిలోను, వేదికమీదను గల గోతులు కొన్ని గలవు. మొదటిది మాట స్పష్టముగ లేకుండుట. ఎన్ని గంటలు వాయింపవలెను, దారిబత్తె మెవరిది, భోజనమెక్కడ, రాత్రి బస యెక్కడ, మొత్తములో ఎవరి పాలెంత అను ఐదు సంగతులు ముందుగా కాగితముమీద పడవలెను. తాంబూలమప్పుడు మొగమాటపడి మాటాడనివారు తెల్లవారినపిమ్మట బండియొద్ద తగవులాడుదురు. స్వరము తప్పుటచేత చీలిన మేళములకంటె పాళ్లు పంచుకొనుటలో చీలిన మేళములే యెక్కువ.

రెండవది శ్రుతి చేసికొనుటకు వ్యవధి లేకుండుట. ఆలస్యముగ వచ్చి, అధ్యక్షుల వారి తొందరచేత శ్రుతి కలియకయే ప్రారంభించినవారు చివరివరకును కలియరు. మూడవది యొకరినొకరు పరీక్షించుట. ముఖ్యుడు చిక్కుతాళమున పల్లవి నెత్తి ప్రక్కవానిని తికమక పెట్టుటయు, ప్రక్కవాడు కీర్తన సాహిత్యము వినబడకుండ మ్రోగించి కసి తీర్చుకొనుటయు కచేరిలో నుండరానివి. ఒకని లోపమును మరియొకడు పూరింపవలెనన్న శాస్త్రమునకు ఇది సరిగా విరుద్ధము.

నాలుగవది మైకు. వేలకొలది జనులకు అది యుపకారియే. కాని వేదికమీద ప్రతివాడును తన ధ్వనినే పెంచుమని సైగచేయుచుండగా, తుదకు ఎవరి ధ్వనియు ఎవరికిని వినబడదు. మృదంగ విద్వాంసులలో అగ్రగణ్యుడైన పాల్ఘాటు మణి అయ్యరు (1912-1981) తన జీవితపు చివరి భాగమున మైకు లేనిదే మేలని పట్టుపట్టెను. నూరుమంది పట్టు గదిలో ఆయన పట్టుదల సహేతుకమే.

ఇక మేళమునుండియు, ప్రక్కపీటనుండియు లేచి యొకడు ముఖ్యుడగుట యెట్లు? ద్వారం వెంకటస్వామినాయుడుగారి చరిత్ర దీనికి మంచి నిదర్శనము. ఫిడేలు పడమటి దేశముల వాద్యము. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు (1786-1858) దానిని కర్ణాటక సంగీతమునకు అలవరచెను. అప్పటినుండి అది ప్రధానముగ ప్రక్కవాద్యమై, గాయకుని వెంట నీడవలె నడచుచుండెను. నాయుడుగారు 1893లో బెంగుళూరున జన్మించి, విశాఖపట్టణమున పెరిగి, అన్నగారియొద్ద ఫిడేలు నేర్చిరి. వారి చూపు మందము. 1919లో విజయనగర మహారాజావారి సంగీత కళాశాల ఆదిభట్ల నారాయణదాసుగారి యాధ్వర్యమున వెలసినప్పుడు విద్యార్థిగా చేరబోయిన వీరిని అధ్యాపకునిగా నియమించిరని ప్రసిద్ధి. 1936లో వీరే యా కళాశాలకు అధ్యక్షులైరి. 1938లో వేలూరున ఫిడేలునే ముఖ్యవాద్యముగ పెట్టి కచేరి చేసిరి. 1941లో మద్రాసు సంగీత విద్వత్సభ వారికి సంగీత కళానిధి బిరుదమునిచ్చెను. 1964లో కీర్తిశేషులైరి.

ఈ తేదీలను వరుసగ చూచినచో ఒక సంగతి బోధపడును. కళాశాలలో అడుగిడిన నాటికిని, వేలూరు కచేరికిని నడుమ 19 సంవత్సరములు గడచినవి. అన్నియేండ్లు పాఠము చెప్పి, గాయకుల వెంట నడచి, వారి గమకములను తంత్రిమీద పలికించిన పిమ్మటనే ఫిడేలు తానై పాడగలిగెను. ప్రక్కపీట వారికి అవమానము కాలేదు; అభ్యాసమాయెను.

ప్రకాశము జిల్లా కరవది గ్రామమున 1924లో జన్మించిన షేక్ చిన మౌలానాగారు నాదస్వర కుటుంబమువారే. తండ్రియొద్దను, చిలకలూరిపేట ఆదం సాహేబుగారియొద్దను నేర్చిన పిమ్మటకూడ తంజావూరు బాణీమీద మక్కువచే మరల శిష్యుడై కూర్చుండిరి. పిదప శ్రీరంగమున స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదము నంది, 1999లో పరమపదించిరి. పేరు వచ్చినపిమ్మట మరల శిష్యుని పీటమీద కూర్చుండుట అందరకును సాధ్యమగునది కాదు.

పాలకొల్లున 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాసు కథ వేరు. ఆరేండ్ల ప్రాయమున తండ్రి మాండొలిన్ చేతబట్టెను. గురువగు రుద్రరాజు సుబ్బరాజుగారికి ఆ వాద్యము రాదు. ఆయన పాడుచుండగా బాలుడు దానిని తంత్రులపై పలికించెడివాడు. మాండొలిన్ ధ్వని మీటినంతనే ఆరిపోవును గనుక గమకమునకు చాలదు. ఆ లోపమును తీర్చుటకు విద్యుత్తుతో పలుకు మాండొలిన్‌ను స్వీకరించి, జంటతంత్రులను మాని ఐదు ఒంటితంత్రులతో వాయించెను. ఇచట సాధనము విద్యకు లొంగినదే గాని విద్య సాధనమునకు లొంగలేదు. ఏకవాద్య విద్వాంసుడై లోకమంతట పేరొందిన తరువాత కూడ అతడు 1990ల చివరి భాగమునుండి జాన్ మెక్‌లాగ్లిన్, జాకీర్ హుస్సేనులతో కూడి బృందమున వాయించెను. 2014లో 45వ యేట అస్తమించెను. ఏకలుడైనవాడు బృందమున ఇముడగలిగినప్పుడే వాని విద్య పండినదని చెప్పవచ్చును. ఏకవాద్య కచేరియందును మృదంగము ప్రక్కనుండవలెను, శ్రుతి వెనుకనుండవలెను. ఒంటరి కచేరి యనునది పేరునకే ఒంటరిది.

ఇప్పుడు అసలు ప్రమాదమును చెప్పవలెను. 1970ల చివరినుండి ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెలు వచ్చినవి. మీట నొక్కినచో అలుపు లేక, కూలి యడుగక శ్రుతి పలుకుచుండును. ఇంటిలో సాధకము చేయువానికిని, ఒంటరిగ ప్రయాణము చేయు విద్వాంసునకును అది గొప్ప సదుపాయము. దానిని నిందింపరాదు. కాని బేరమాడునప్పుడు “శ్రుతికి పెట్టె యున్నది గదా, మనిషి యెందుకు?” అని మేళములో నొక తల తగ్గించినప్పుడు, తగ్గినది కూలి మాత్రమే కాదు. పాఠశాలలో పీట యొకటి తీసివేయబడినది. పెట్టె శ్రుతిని పట్టును గాని రాగమును నేర్చుకొనదు. పది యేండ్లకు అది సన్నాయి నెత్తుకొని పెద్దవాని స్థానమున కూర్చుండదు. పెద్ద సన్నాయికి ఊపిరి తగ్గిన దినమున ఆ పీటమీద కూర్చుండవలసినవాడు ఎక్కడనుండి వచ్చును?

దీనికి గ్రామస్థులు చేయదగిన యుపాయము చిన్నది. మేళముతో ఒప్పందము వ్రాసికొనునప్పుడు పెద్ద సన్నాయి, డోలు అని వ్రాసిన క్రింద, శ్రుతియు తాళమును పట్టు పిన్నవాని పాలు అని వేరుగా నొక పంక్తి వ్రాయవలెను. ఆ మొత్తము వానికే ముట్టవలెను. అది పెండ్లిఖర్చులో పందిరి తాటాకుల వెలకు మించదు. శ్రుతి కలుపుకొనుటకు అరగంట వ్యవధి నియ్యవలెను. చిన్న గదిలో మైకు పెట్టరాదు. మేళమువారికి భోజనము పెట్టునప్పుడు ఆ పిల్లవానిని కడపటి పంక్తికి నెట్టరాదు.

గ్రంథాలయమును నడపినవారికి ఈ సంగతి క్రొత్తది కాదు. పుస్తకములు వ్రాసినవారి పేర్లు అట్టలమీద నుండును. ప్రతిదినము తలుపు తీసి, దుమ్ము దులిపి, చిట్టాలో సంఖ్య వేసినవాని పేరు ఏ యట్టమీదను ఉండదు. అయినను వాడు మానిన దినమున ఇరువదియైదేండ్ల సంస్థ మూతపడును. రజతోత్సవపు జమాఖర్చులలో మేళము క్రింద వ్రాయు పద్దును ఈ గ్రంథాలయమే మొదట రెండు పంక్తులుగా వ్రాసి, రెండవ పంక్తిలో శ్రుతి పట్టువాని పాలు చూపినచో, తక్కిన గ్రామము ఆ చిట్టాను చూచి నేర్చుకొనును.